మరుభూమిలో విడిది

సెలవులు వచ్చినవనగానే ఎచ్చటికైనను పోయి రావలెనను కోరిక మన కుటుంబములలో నేడు సామాన్యమైపోయినది. మన పెద్దలకు యాత్ర యనగా కాశీయో, రామేశ్వరమో. తరువాతి తరము వారికి ఉదకమండలము, కాశ్మీరము తోచినవి. ఇప్పుడు ఎడారి కూడ విహారస్థలముల పట్టికలో చేరినది. నీడను, నీటిని వెదకికొనుచు పోవు విహారము మనకు తెలిసినదే కాని, నీడ లేని, నీరు లేని చోటికి సొమ్ము వెచ్చించి పోవుట మొదట కొంత వింతగనే తోచును. పోయి చూచినవారికి ఆ వింత యుండదు. రాత్రివేళ నక్షత్రములు నేలవరకు దిగివచ్చినట్లుండు ఆ నిశ్శబ్దము మరియెచ్చటను దొరకునది కాదు.

శ్రోతలారా, ఎడారి అందమును వర్ణించుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము కాదు. అక్కడికి పోవు మనము ఆ నేలకు ఎంత బరువగుచున్నామో, ఆ బరువును ఎట్లు తగ్గించుకొనవచ్చునో చెప్పదలచినాము. ఉదాహరణకు రాజస్థానములోని జైసల్మేరును తీసికొందము. థార్ ఎడారిని చూడబోవు మనవారిలో పెక్కుమంది చేరునది అచ్చటికే. పట్టణమునకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున సమ్ అను గ్రామము, దాని చెంత ఇసుక తిన్నెలు ఉన్నవి. అక్టోబరు మొదలు మార్చి వరకు ఆ తిన్నెల ప్రక్కన వరుసలు వరుసలుగా గుడారములు వెలయును. పేరునకు గుడారములే కాని, లోపల మంచములు, స్నానపు గదులు, వేడినీరు, కొన్నింట చలువ యంత్రములు సైతము ఉండును. వెలుపల దీపతోరణములు, చెవులు పగులగొట్టు పాటలు! నిశ్శబ్దమును వెదకికొని పోయినవారికి ఇదేమి భాగ్యమో మాకు తెలియదు.

మేము పోయినప్పుడు, తెల్లవారిన పిదప తిన్నె మీది కెక్కి చూచితిమి. ఒంటెల అడుగుజాడలతోపాటు నీటి సీసాలు, చిరుతిండ్ల పొట్లములు, కాగితపు గిన్నెలు ఇసుకలో సగము పూడి కనబడినవి. మాతో వచ్చిన ఒంటెవాడు ఒక సంచి నెత్తి దులిపి, జీనుకు కట్టిన గోతములో వేసికొనెను. ఎందుకని అడుగగా, "బాబూజీ, నేను తీయనిచో దీనిని నా ఒంటె తినును" అనెను.

ఆ మాటలో అతిశయోక్తి ఏమియు లేదు. దుబాయిలోని పశువైద్య శాస్త్రజ్ఞులు 2008 నుండి తాము పరిశీలించిన సుమారు 30,000 ఒంటెలలో 300 ఒంటెల కడుపులలో ప్లాస్టికు ముద్దలు గట్టిపడి యుండుట కనుగొనిరి. అట్టి ముద్దలలో పెద్దవి 64 కిలోల వరకు తూగినవట. నమలరాని, జీర్ణము కాని ఆ పదార్థము కడుపులో చేరినచో, కడుపు నిండినట్లు తోచి ఆ జంతువు మేత మానును, ప్రేవులు మూసికొనిపోవును, నూరేళ్ళ కరవును తట్టుకొనుటకు పుట్టిన జాతి మనము పారవేసిన సంచి వలన చచ్చును.

ఎడారిలో చెత్తకు ఒక విశేషమున్నది. మన కోస్తా జిల్లాలలో పెరటిలో పారవేసిన అరటియాకు కొన్ని వారములలో మట్టిలో కలిసిపోవును. ఇది ఆకు గొప్పతనము కాదు, తడి గొప్పతనము. కుళ్ళుట యనగా కంటికి కనబడని సూక్ష్మజీవులకు భోజనము దొరకుటయే. ఆ జీవులకు మనవలెనే నీరు కావలెను. విశాఖపట్టణమున ఏటేట వేయి మిల్లీమీటర్ల ప్రాంతమున వాన పడును. జైసల్మేరులో అది సాధారణముగా 200 మిల్లీమీటర్లకు లోపే. కనుక అచ్చట నారింజ తొక్క కుళ్ళదు; ఎండి, చర్మము వలె బిగుసుకొని, పడినచోటనే యుండును. "పండు తొక్కయే కదా, నేలలో కలిసిపోవునులే" యను మాట మన ఊరిలో చెల్లవచ్చును గాని ఎడారిలో చెల్లదు. ప్లాస్టికు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఎండకు అది పెళుసుబారి పొడిపొడియగును. గాలి ఆ ముక్కలను మోసికొనిపోయి ముళ్ళకంపల మొదళ్ళలో, పసరికలో దాచును. కంటికి చిన్నదగును గాని లేకుండ పోదు.

చట్టములు లేకపోలేదు. రాజస్థానములో 2010 ఆగస్టు నుండి ప్లాస్టికు చేతిసంచులు నిషిద్ధములు. 2022 జూలై 1 నుండి దేశమంతటను ప్లాస్టికు గిన్నెలు, చెంచాలు, పీల్చుగొట్టములు మొదలగు, ఒకమారు వాడి పారవేయు వస్తువులు నిషేధింపబడినవి. కాని నీటి సీసా, చిరుతిండి పొట్లము ఆ పట్టికలో లేవు. తిన్నెల మీద ఎక్కువగా కనబడునవి ఈ రెండే.

తిండి పారవేయుట కూడ చిన్న విషయము కాదు. సమ్ చుట్టుపట్ల 1980లో ఏర్పడిన ఎడారి జాతీయవనమున్నది. మనము బట్టమేక పిట్ట యని పిలుచు భారీ పక్షికి అది మిగిలియున్న కొద్ది ఆశ్రయములలో ముఖ్యమైనది. ఆ పక్షులు లోకములో రెండువందలకు లోపే యున్నవని అంచనా. అది గూడు కట్టదు. బట్టనేల మీద సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. విడిదుల చుట్టు పారవేసిన అన్నమునకు, మాంసపు తునుకలకు ఊరకుక్కలు చేరును, పిల్లలను పెట్టును. రాత్రి విందు మిగులు తిన్న కుక్క పగలు మైదానమున తిరుగును. దానికి ఆ గ్రుడ్డు కనబడినచో ఆ యేటి సంతానము ముగిసినట్లే. ఈ పిట్టకు కుక్కలకంటె పెద్ద శత్రువులు విద్యుత్తు తీగలు అనుమాట నిజమే. తీగలు యాత్రికుని చేతిలోనివి కావు. విస్తరిలోని అన్నము మాత్రము అతని చేతిలోనిదే. మన రోళ్ళపాడులో, నేటి నంద్యాల జిల్లాలో, ఈ పిట్టకొరకే 1988లో అభయారణ్యము ఏర్పడినది. అచ్చటి కారణములు వేరు గాని, పిట్ట దాదాపు కనుమరుగైనది. బట్టమేకను చూడవలెనన్న తెలుగువారు నేడు జైసల్మేరు దాక పోవలసి వచ్చుచున్నది.

ఇక నీటి సంగతి. ఎడారివాసులు నీటిని కూడబెట్టిన తీరు తెలిసికొనినచో మన స్నానపు గది కుళాయి త్రిప్పుటకు చేయి రాదు. కొన్ని తావులలో ఇసుక క్రింద జిప్సము పొర యొకటి యుండును. వాన నీరు ఆ పొరను దాటి లోతున నున్న ఉప్పునీటిలో కలియక, ఇసుక రేణువుల నడుమ తేమగా నిలిచిపోవును. అట్టి చోట సన్నని బావి త్రవ్వి, ఆ తేమ బొట్టు బొట్టుగ ఊరగా, దినమునకు రెండు మూడు కుండలు తోడికొందురు. అనుపమ్ మిశ్రా 1995లో వెలువరించిన హిందీ గ్రంథమున రాజస్థానపు నీటిబొట్లను వెండిబొట్లుగా పేర్కొనుట ఊరక కాదు. పాలీవాల్ బ్రాహ్మణులు రాతినేల మీద జారిన వాననీటిని పల్లపు పొలములకు మళ్ళించి, కట్టవేసి నిలిపి, నీరు ఇంకిన పిదప ఆ తడిమీద చలికాలపు పైరు పండించిరి. ఆ పొలములను ఖడీనులందురు. వారి కుల్ధారా గ్రామము 19వ శతాబ్దిలో నిర్జనమైపోయినది. మార్గము చూపువారు అక్కడ దయ్యముల కథలు చెప్పుదురు. వానికి మారుగ ఆ పొలముల కట్టలు చూపినచో ఎంతయో మేలు.

1958లో పని ప్రారంభమైన కాలువ, నేడు ఇందిరాగాంధీ కాలువ యనబడునది, పంజాబులోని హరీకే నుండి నదీజలమును ఈ మరుభూమికి తెచ్చినది. నీరు వచ్చుట గొప్ప మేలే. కాని అలవాటు లేని చోట నీరు ఎంత కీడు చేయగలదో చూడవలెనన్నచో జైసల్మేరు కోటనే చూడవలెను. 1156లో రావల్ జైసల్ నెలకొల్పిన కోట అది. పసుపు వన్నె ఇసుకరాతితో కొండమీద కట్టినది. నేటికిని జనము కాపురముండు కోటలలో నొకటి. ఒకప్పుడు స్త్రీలు దిగువనున్న గడీసర్ చెరువు నుండి బిందెలతో నీరు మోసికొని పైకి పోయెడివారు. మోసిన చేతులకు ప్రతి చెంబు విలువ తెలియును. పిదప గొట్టములు వచ్చినవి. ఆ తరువాత యాత్రికులు వచ్చిరి. కోటలోని ఇండ్లు పెక్కులు విడిదులైనవి. ప్రతి గదికి స్నానశాల, ప్రతి అతిథికి రెండు పూటల స్నానము. వచ్చు నీటికి తగిన మురుగు కాలువలు లేకపోయినవి. వాడిన నీరు పునాదుల క్రిందనున్న బంకమన్నులోనికి ఇంకినది. బంకమన్ను నానినచో ఉబ్బును, జారును. గోడలు ఒరిగినవి, బురుజులు కొన్ని కూలినవి. ప్రపంచ స్మారక నిధి వారు 1996లో ఈ కోటను ప్రమాదస్థితిలోనున్న కట్టడముల పట్టికలో చేర్చిరి. 2013లో యునెస్కో దీనిని రాజస్థానపు గిరిదుర్గములలో నొకటిగా ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఎనిమిది వందల ఏండ్లు నీటి కొరతకు చెక్కుచెదరని కోట, నీటి సమృద్ధికి బెదరినది!

కోటలోని జాలకపు గవాక్షము నుండి సూర్యోదయము చూచుట మనోహరమే. ఐనను విడిది దిగువ పట్టణములో చేసికొని, పగటివేళ పైకి పోయి చూచి రావలెనని మా అభిప్రాయము. స్నానమునకు కుళాయి విడువక అరబకెట్టు నీరు పట్టుకొనిన చాలును. ఎడారి పల్లెలలో గిన్నెలను పొడి ఇసుకతో తోమి తుడుచుకొందురు. అవి మన ఇంటి పాత్రలకంటె ఎక్కువ తళతళలాడును. ఒక్క హెచ్చరిక: పొదుపనగా త్రాగునీటిని తగ్గించుకొనుట కాదు. పొడిగాలిలో చెమట పట్టిన సంగతి తెలియకయే ఆరిపోవును. పెద్దవారు దినమునకు మూడు నాలుగు లీటర్లైనను త్రాగవలెను. పిల్లలకు, వృద్ధులకు దాహము కాకున్నను గుర్తుచేసి ఇయ్యవలెను.

ఆ నీరు తీసికొనిపోవు పాత్ర యేది? మన ఇండ్లలో అటకమీద పడియున్న మరచెంబును దింపుడు! రైలు ప్రయాణమనగా మరచెంబు, కూజా, పూరీల డబ్బా అని మన తాతలు సిద్ధమైనట్లే ఎడారికిని సిద్ధము కావచ్చును. నలుగురున్న కుటుంబము బజారు సీసాలే కొనినచో మూడు దినములలో నలుబది సీసాలకు తక్కువ కావు. పెద్ద డబ్బాలో నీరు నింపించుకొని చెంబులలో పోసికొన్నచో ఒక్కటియు లేదు. 2025లో కాచిగూడ నుండి జోధ్‌పూరు ప్రక్కనున్న భగత్-కీ-కోఠీకి రైలు వచ్చినది. జోధ్‌పూరు నుండి జైసల్మేరునకు వేరొక రైలు. మనిషి యొక్కింటికి కాలు ఇంధనము విమానములోకంటె రైలులో బహు స్వల్పము. కాలము ఎక్కువ పట్టుననుట నిజమే. కాని నల్లరేగడి నుండి ఇసుకనేల వరకు దేశము మారుట కిటికీలో చూచినవారికి అది నష్టముగ తోచదు.

భోజనమునకు అక్కడి సజ్జరొట్టె, కేర్-సాంగ్రీ కూర అడుగుడు. కేర్ యనునది ముళ్ళపొద కాయ. సాంగ్రీ మనకు పరాయిది కాదు: అది జమ్మికాయ. పాండవులు ఆయుధములు దాచిన జమ్మియే అక్కడ ఖేజ్డీ. తెలంగాణమునకును రాజస్థానమునకును రాష్ట్రవృక్షము అదియే. 1730లో జోధ్‌పూరు సమీపమున ఆ చెట్లను కాపాడుటకై 363 మంది బిష్ణోయీలు ప్రాణములిచ్చిరి. ఎండబెట్టిన ఆ కాయలు నెలల తరబడి చెడవు. దూరము నుండి మంచుపెట్టెలో రావలసిన కూరగాయలు, చైనా సేమ్యాలు కోరనిచో వంటయింటి చెత్త సగము తగ్గును. డబ్బాలో ఆవకాయ తీసికొనిపోవుటకు మాత్రము మా అభ్యంతరము లేదు.

ఇన్ని చిక్కులున్నప్పుడు పోకుండుటయే మేలు కదా యని కొందరు మిత్రులు మాతో వాదించిరి. మేము అంగీకరింపము. 2012 పశుగణనలో దేశమున నాలుగు లక్షలున్న ఒంటెలు 2019 నాటికి రెండున్నర లక్షలకు దిగినవి. బండికిని, నాగలికిని యంత్రములు వచ్చిన పిదప ఒంటెను మేపుట బరువైనది. రాజస్థానము 2014లో దానిని రాష్ట్రజంతువుగా ప్రకటించినను, మేపువానికి రాబడి లేనిదే ఒంటె నిలువదు. యాత్రికుడిచ్చు బాడుగ ఆ రాబడిలో నొక భాగము. కనుక తిన్నెల మీద జీపులో ఎగిరిపడుటకు మారుగ ఒంటెనెక్కుడు. బేరమాడి సగమునకు దింపకుడు. జీపు చక్రము సేవణ్ గడ్డి దుబ్బులను పెకలించును. ఒంటె పాదము మెత్తని దిండు వంటిది.

ప్రోగుచేసిన చెత్తను గుడారములవారికి అప్పగించి వచ్చుట చాలదు, అది తిన్నె వెనుకకే పోవచ్చును. మడచి, మూటగట్టి, పట్టణము వరకైనను మనతో తేవలెను. రాత్రి నెగడు కోరునప్పుడు అది ఏ కట్టెయో అడుగుడు. ఫోగ్ అను పొద వేరులు బాగుగ మండును. ఆ వేరులే ఇసుకను కదలకుండ పట్టియుంచునవి. డిసెంబరు, జనవరి రాత్రులలో అక్కడ చలి ఎముకలు కొరుకును. మనిషికొక మంచి కంబళి వెంటనున్నచో నెగడు లేకున్నను తెల్లవారువరకు తిన్నెమీద కూర్చుండి నక్షత్రములు చూడవచ్చును.