ప్రార్థనవేళ హార్మోనియము



ఖరగ్‌పూర్ ట్రాఫిక్ అనగానే రైల్వే క్వార్టర్లు, డ్యూటీకి పోవు కార్మికులు స్ఫురణకు వత్తురు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలముననే శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి తెలుగువారు బ్రతుకుతెరువుకై ఈ పట్టణమునకు వచ్చిరి. తెలుగు క్రైస్తవులకు ఎచ్చటనున్నను విడరాని సొత్తు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పురుషోత్తమ చౌదరి (1803–1890) ప్రభృతులు రచించిన ఆ కీర్తనలకు రాగతాళములు సూచింపబడి యున్నవి.

కీర్తన పాడునపుడు హార్మోనిస్టు పని యెల్లరకు తెలిసినదే. ప్రార్థన సాగునపుడును, కానుకలు పట్టునపుడును, సంస్కారమునకు జనులు ముందునకు వచ్చునపుడును అతడు అప్పటికప్పుడు కల్పించి వాయించునది వేఱొక విద్య. అది యెంతసేపు సాగవలెనో ముందుగా తెలియదు. డ్రైవరు సిగ్నలును కనిపెట్టినట్లు అతడు పాదిరిగారిని కనిపెట్టి యుండవలెను.

అప్పుడే పాడిన కీర్తన రాగమును విడువకుండుట మొదటి సూత్రము. మోహనవంటి ఐదు స్వరముల రాగమైనచో పని సుకరము. పల్లవిని పూర్తిగా వాయించినచో జనుల మనస్సున మాటలు మెదలి ప్రార్థన చెదరును. కావున దాని ఛాయను మాత్రమే చూపవలెను. తాళమును సడలించి, షడ్జ పంచమములపై నిలుచుచుండినచో, "ఆమెన్" ఎప్పుడు వినబడినను తడబాటు లేక ముగింపవచ్చును.

హార్మోనియము 1842లో పారిస్ నగరమున అలెగ్జాండర్ డెబెన్ పేటెంటు పొందిన వాద్యము. పిమ్మట కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలపై కూర్చుండి చేతితో తిత్తి నాడించుటకు అనువుగా మలచెను. గమకములు పలుకవను ఆక్షేపణతో ఆకాశవాణి 1940లో దీనిని బహిష్కరించెను. 1971లోగాని ఆ నిషేధము సడలలేదు. అయినను ప్రార్థనాలయములు దీనిని విడువలేదు. నిలుకడగల శ్రుతి సమూహగానమునకు ఊతము. ప్రార్థనవేళ కోరునదియు నిడుపైన నిలుకడ స్వరమే గాని గమకవైభవము కాదు. ఆ విధముగా లోపమే గుణమైనది.

నేడు ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చినది. తిత్తి నాడించు చేయి నిలిచిన హార్మోనియము మూగవోవును. కీబోర్డునకు అలసట లేదు. అందువలననే వాయించువానికి నిగ్రహము మునుపటికంటె అధికముగా కావలెను. మాట బలహీనమైనచోట స్వరము పెంచి కన్నీరు రప్పించుట కష్టము కాదు. కాని ఆ కన్నీరు ప్రార్థనదా, వాద్యముదా?

ఆప్తుని పోగొట్టుకొన్న యొక తల్లి వెనుకవరుసలో మౌనముగా తల వంచి యున్నప్పుడు, మీటలపైనుండి చేయి తీయనేర్చినవాడే ఈ విద్యను పూర్తిగా నేర్చినవాడు.