పది లైన్ల ఇంగ్లీషు
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో చెబుతాననుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు వేదిక మీదే ఉన్నారు. నేను మనవి చేయదలచింది ఒక చిన్న విషయం. రోజూ మన చేతికి వచ్చే ఇంగ్లీషు ముక్కల గురించి. బ్యాంకు మెసేజి, మందుల చీటీ, డిపాజిట్ రసీదు, పెన్షన్ ఆర్డరులో ఒక పేరా, ఇలాంటివి. ఏదీ పది లైన్లు దాటదు. ఆ పది లైన్లు చదువుకోలేక మనం ఏం పోగొట్టుకుంటున్నామో, ఈ వయసులో వాటిని ఎలా నేర్చుకోవచ్చో చెబుతాను.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని తేల్చింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుస్తున్నాం. ఆ తీర్పు ఉన్నది ఇంగ్లీషులో. మనలో దాన్ని చదివినవారు ఎందరు? నేనూ సర్వీసులో ఉండగా చదవలేదు. ఎవరో తెలుగులో చెబితే విని చప్పట్లు కొట్టాను. హక్కు వచ్చింది గానీ, హక్కు రాసి ఉన్న కాగితం ఇంకొకరు చదివిపెడితే తప్ప మనకు తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా అన్నయ్య కోనసీమలో పంచాయతీ సమితి స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక మా వదినగారికి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఆవిడ ఎనిమిదో తరగతి వరకు చదివారు. తెలుగు నవల ఇస్తే రెండు రోజుల్లో పూర్తి చేసేస్తారు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటారు.

రెండేళ్ల కిందట ఒక రోజు ఆవిడకు ఫోను వచ్చింది. మంచి తెలుగు, మర్యాదగా అండీ అండీ అంటూ మాట్లాడాడట. "అమ్మా, మీ లైఫ్ సర్టిఫికెట్ ఇంకా ఎక్కలేదు. ఈ నెల పెన్షన్ ఆగిపోతుంది. మీ ఫోనుకు ఇప్పుడొక నంబరు వస్తుంది, అది చెప్పండి చాలు" అన్నాడు. మెసేజి వచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆరంకెలూ చదివి వినిపించారు. ఖాతాలోంచి నలభై ఆరు వేలు పోయాయి.

కొడుకు కోప్పడతాడని ఆ రోజంతా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు సాయంత్రం నాకు ఫోను చేశారు. నేను వెళ్లి ఆ మెసేజి చూశాను. మూడు లైన్లు ఉంది. మొదటి లైనులో ఎంత డబ్బు పోతుందో ఉంది. రెండో లైనులో ఆరంకెలు. మూడో లైనులో "డు నాట్ షేర్ ఇట్ విత్ ఎనీవన్" అని ఉంది. నేను చదివి అర్థం చెప్పాను. ఆవిడ ఒక నిమిషం ఊరుకుని అన్నారు: "ఎవరికీ చెప్పొద్దని రాసే ఉందా అబ్బాయీ? నేను అంకెలే చదివాను."

1930 నంబరుకు ఫోను చేశాం, ఫిర్యాదు రాసి ఇచ్చాం. కానీ అప్పటికే ఒక రోజు గడిచిపోయింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఇటువంటిది జరిగితే ఎవరు తిడతారో అని చూడకుండా, నిమిషాల మీద ఆ 1930కి చెప్పాలని అందరూ గుర్తు పెట్టుకోండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కాదు. నా సర్వీసులోని ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెబుతాను.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యాను. నేను ఏ ఆఫీసులో ఉండగా ఇది జరిగిందో చెప్పను. ఒక చిన్న రైతు భూమి విషయంలో అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ తిరస్కరించారు. ఆ ఎండార్సుమెంటు డ్రాఫ్టు రాసింది నేనే. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. "ది పిటిషనర్ ఈజ్ హియర్‌బై ఇన్‌ఫార్మ్‌డ్" అని మొదలుపెట్టి, గడువులోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని ముగించాను. డ్రాఫ్టు బాగుందని పైవారు మెచ్చుకున్నారు కూడా.

నాలుగు నెలల తరవాత ఆ రైతు వచ్చాడు. కాగితం మడత నలగకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెచ్చాడు. కుంకుమ బొట్టు ఉంది దాని మీద. "బాబుగారూ, ఈ కాయితం వచ్చినప్పట్నించీ దేముడి పటం దగ్గర పెట్టుకున్నానండి. పొలం ఎప్పుడు నా పేరున రాస్తారండి?" అని అడిగాడు. గవర్నమెంటు ముద్ర ఉంది కాబట్టి మంచి కాగితమే అనుకున్నాడు. అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయింది.

కార్యాలయాల్లో తెలుగు వాడాలని అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. నేను చేరేసరికే ఆ చట్టానికి ఆరేళ్లు. అయినా పాత డ్రాఫ్టు చూసి కొత్త డ్రాఫ్టు రాయడం అలవాటైపోయింది. నేను అబద్ధం రాయలేదు, లంచం అడగలేదు. అతనికి రాని భాషలో నిజం రాసి ఇచ్చాను, అంతే. దాంతోనే అతని పని చెడింది. కౌంటరుకు ఇవతల నేను, అవతల ఆ రైతు. ఇప్పుడు అవతల పక్క మా వదినగారు ఉన్నారు. మీరూ నేనూ కూడా అక్కడే ఉన్నాం.

సరే, ఇంగ్లీషు నేర్చుకోవడం ఎలాగ? ఈ వయసులో రెన్ అండ్ మార్టిన్ గ్రామరు ముందేసుకుని కూర్చోలేం. కూర్చోనక్కరలేదు కూడా. మనం ఉద్యోగంలో ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నామో గుర్తు చేసుకోండి. నేను తెలుగు మీడియంలో చదివి వచ్చినవాణ్ణి. చేరిన కొత్తలో తపాలు చూస్తే చెమటలు పట్టేవి. మా హెడ్ క్లర్కుగారు ఒక పాత డి.డిస్. ఫైలు నా బల్ల మీద పడేసి, "ఇందులో ఎవరు ఎవర్ని ఏమడిగారు, ఎప్పటిలోగా అడిగారు, ఐదు లైన్లలో రాసి పట్రా" అనేవారు. రోజుకొకటి. ఆరు నెలలు తిరిగేసరికి డిపార్ట్‌మెంటల్ టెస్టులో ప్రెసీ రాయడానికి నేను భయపడలేదు. ఎవరు, ఎవరికి, ఏమిటి, ఎప్పటిలోగా. ఆ నాలుగు ప్రశ్నలే ఇప్పటికీ చాలు.

ఈ పద్ధతి మా హెడ్ క్లర్కుగారు కనిపెట్టింది కాదు. మన రాజమహేంద్రవరంలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొరగారి పేరు మీకు తెలుసు. మన కావ్యాల తాళపత్రాలు వెతికించి బతికించిన మహానుభావుడు ఆయన. తెలుగు నేర్చుకునే తోటి ఇంగ్లీషువారి కోసం 1852లో ఆయన "తెలుగు రీడర్" అని ఒక పుస్తకం వేశారు. అందులో ఇచ్చినవి ఏమిటనుకున్నారు? సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు, వాటికి ఇంగ్లీషు అనువాదం. అంత కావ్యాభిమాని కూడా పని జరగడానికి కావలసిన భాషను రోజువారీ కాగితాల్లోనే చూపించారు. మన భాష నేర్చుకోవడానికి వారికి పనికొచ్చిన దారి, వారి భాష నేర్చుకోవడానికి మనకెందుకు పనికిరాదు?

ఆ ధైర్యంతో మా శాఖ గదిలో శనివారం సాయంత్రాలు ఒక గంట కూర్చోవడం మొదలుపెట్టాం. మొదటి రోజు ఏడుగురు వచ్చారు. అందులో ఐదుగురు ఆడవారే. నియమాలు మూడు. పేరా పది లైన్లు మించకూడదు. అది ఎవరో ఒకరి చేతికి నిజంగా వచ్చిన కాగితమై ఉండాలి. తప్పు చదివితే ఎవరూ నవ్వకూడదు. మా మనవడు దాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చుతీసి ఇస్తాడు. ముందు పైకి చదువుతాం. తరవాత నాలుగు ప్రశ్నలు వేసుకుంటాం. చివర రెండు వాక్యాల్లో తెలుగులో చెప్పి నోటుబుక్కులో రాసుకుంటాం.

మేము చదివినవాటిలో కొన్ని చెబుతాను, మీకూ పనికొస్తాయి.

బ్యాంకు మెసేజిలో ముందు చూడవలసిన మాట ఒక్కటే. "క్రెడిటెడ్" అంటే వచ్చింది, "డెబిటెడ్" అంటే పోయింది. ఓటీపీ గానీ, పిన్ గానీ అడిగారంటే డబ్బు పోయే దారి తెరుస్తున్నారని అర్థం. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు.

మందుల చీటీ మీద "ఓ.డి." అంటే రోజుకు ఒకసారి, "బి.డి." అంటే రెండుసార్లు, "టి.డి.ఎస్." అంటే మూడుసార్లు. "ఎస్.ఓ.ఎస్." అంటే అవసరమైతేనే. ఇవి ఇంగ్లీషు కూడా కాదు, లాటిన్ మాటల పొడి అక్షరాలు. కాబట్టి తెలియకపోతే సిగ్గుపడనక్కరలేదు. మా సభ్యుడొకాయన బ్యాంకు కాగితం మీద "టి.డి.ఎస్." చూసి, "ఇది రోజుకు మూడుసార్లు కోస్తారా ఏమిటండీ?" అన్నాడు. అక్కడ దాని అర్థం వడ్డీలోంచి ముందుగానే పట్టుకునే ఇన్‌కంటాక్సు. అక్షరాలు అవే, కాగితం వేరు. అందుకే కాగితం ఎవరు రాశారో ముందు చూడాలి.

ఇంకొక వారం డిపాజిట్ రసీదు చదివాం. "ఈదర్ ఆర్ సర్వైవర్" అంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు, ఒకరు పోతే మిగిలినవారు తీసుకోవచ్చు. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అని ఉంటే మొదటి పేరు గలవారు బతికున్నంతకాలం రెండోవారికి ముట్టుకునే వీలు లేదు. ఒక్క మాట తేడా. ఆ రోజు ముగ్గురు ఇళ్లకు వెళ్లి బీరువాలు వెతుక్కున్నారు.

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టిన మాట "విచెవర్ ఈజ్ ఎర్లియర్". ఉద్యోగి పోయాక మొదట ఎక్కువ రేటులో వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఏడేళ్లు గానీ, ఆయనకు నిర్ణీత వయసు నిండే తేదీ వరకు గానీ, ఏది ముందు వస్తే అంతవరకే. ఆ తరవాత మామూలు రేటుకు దిగుతుంది. ఒక సోదరి, "నా పెన్షన్ ఎవరో నొక్కేశారు" అని ఏడాదిపాటు బాధపడ్డారు. ఆ మూడు మాటలు ఆవిడ ఆర్డరులోనే ఉన్నాయి. చదివాక ఆవిడ డబ్బు పెరగలేదు. కానీ, "ఇన్నాళ్లూ ట్రెజరీ కుర్రాణ్ణి అనవసరంగా తిట్టుకున్నాను" అన్నారు. మనసులో బరువు దిగింది.

ఇలా అంటే కొందరు అడుగుతారు: "పిల్లలున్నారుగా, వాళ్లు చదివిపెడతారు కదా?" పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. ఓటీపీ బతికేది నిమిషాలే. పైగా ప్రతి కాగితానికీ కొడుకును అడగాలంటే, తండ్రి అనే మర్యాద కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. ఇంకొందరు, "మనం ఇంగ్లీషు నేర్చుకోవడమేమిటి, వాళ్లనే తెలుగులో రాయమందాం" అంటారు. ఆ మాటకు నేను రెండు చేతులూ ఎత్తుతాను. ఆ రైతు ముఖం చూసినవాణ్ణి, నేను కాదంటానా? బ్యాంకులకు, కార్యాలయాలకు మన సంఘం తరపున ఆ తీర్మానం పంపాలి. ఏటీఎంలో తెలుగు ఎంచుకునే వీలున్న చోట తెలుగే నొక్కండి. కానీ వాళ్లు రాసేదాకా మన డబ్బు ఆగదు కదా.

కాబట్టి అధ్యక్షులవారికి రెండు మనవులు. ప్రతి శాఖలోనూ వారానికొక గంట, ఒక పేరా చదివే ఏర్పాటు చేయించండి. చాకు ముక్క, నల్లబల్ల ఉంటే చాలు, ఖర్చు లేదు. రెండోది, ఇప్పుడు సర్వీసులో ఉన్న మన పిల్లలకు చెప్పండి. అర్జీదారుకు ఇచ్చే కాగితం అతనికి అర్థమయ్యే భాషలో రాయమని. ఏదో ఒక రోజు వాళ్లూ కౌంటరుకు అవతల పక్కకే వస్తారు.

చివరగా మా వదినగారి మాట. ఆవిడ ఊరు నుంచి బస్సెక్కి నెలకు రెండు శనివారాలైనా వస్తున్నారు. మొన్న సంక్రాంతి ముందు నాకు ఫోను చేసి, "అబ్బాయీ, గ్యాసు సిలిండరు తెచ్చిన కుర్రాడు నంబరు చెప్పమంటున్నాడు. మెసేజి చదువుతాను, సరిగ్గా ఉందో లేదో చూడు" అని మొదటి నుంచి చివరి దాకా తడుముకోకుండా చదివారు. డెలివరీ కుర్రాడికి తప్ప మరెవరికీ చెప్పవద్దని అందులో ఉంది. మధ్యలో అంకెల దగ్గర మాత్రం ఆగి దాటేశారు. "నంబరు చెప్పలేదేమండీ?" అన్నాను.

"నువ్వు సిలిండరు తేలేదుగా!" అన్నారు.