లా ప్రవేశ పరీక్ష మళ్ళీ రాయాలా?

ఈరోజు ముఖ్యంగా ఇంటర్ చదివే బిడ్డలున్న ఇళ్ళతో మాట్లాడాలని ఉంది.

"అయ్యగారూ, క్లాట్‌లో ర్యాంకు సరిగా రాలేదు. ఇంకో ఏడాది ఆగి మళ్ళీ రాయమంటారా, వచ్చిన కాలేజీలో చేరిపొమ్మంటారా?" ఆరాధన ముగిశాక పిల్లలు ఈ ప్రశ్నతో వస్తుంటారు. వెనుక నిలబడిన తల్లిదండ్రులు పాస్టరు నోట దేవుని చిత్తం వినాలని చూస్తారు. కొందరైతే ఒక గుర్తు కోసం ఉపవాసం కూడా ఉంటారు. గిద్యోను గొర్రెబొచ్చు పరచి గుర్తు అడిగాడు, నిజమే. కానీ అతని ముందున్నది యుద్ధం. మీ ముందున్నది ఒక ప్రశ్నపత్రం, దాని కీ!

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో బోధించారు. ఆ లెక్క వేయడం అవిశ్వాసం కాదు ప్రియులారా.

కాబట్టి ఆ ప్రశ్నపత్రం తీయండి. క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటల సమయం, తప్పు జవాబుకు పావు మార్కు కోత. చాలామట్టుకు పొడవైన ఇంగ్లీషు పేరాలు చదివి జవాబివ్వాలి. తెలియక పోయినవెన్ని, తొందరలో తప్పు పెట్టినవెన్ని, సమయం చాలక ముట్టుకోనివెన్ని, పెన్సిలుతో గుర్తు పెట్టండి. తెలుగు మీడియంలో చదివి ఆ పేరాల దగ్గరే ఆగిపోయిన బిడ్డ ఏడాదిపాటు రోజూ ఇంగ్లీషు పత్రిక చదివితే తేడా తప్పక కనబడుతుంది. జ్వరంతో రాసినవారికి, ఇంట్లో మరణం జరిగిన వారంలోనే రాసినవారికి కూడా మళ్ళీ రాయడం న్యాయమే. అలా కాక, బాగా సిద్ధపడి, నిమ్మళంగా రాసినా వచ్చిన మార్కు అదే అయితే? అవే పుస్తకాలతో అదే గదిలో మరో సంవత్సరం కూర్చుంటే ఏమి మారుతుందో బిడ్డ తన నోటితో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆగండి.

ఇక ఖర్చు. కోచింగు ఫీజు, హాస్టలు బిల్లు ఎవరి అప్పుతో కడతారు? చెల్లెలి చదువు వెనక్కి పోతుందా? తల్లిదండ్రులారా, కోపగించుకోకండి, కొన్ని ఇళ్ళలో ఆ రెండో ఏడాది బిడ్డ కోసం కాదు, పెళ్ళిళ్ళలో చుట్టాలకు చెప్పుకోవడానికి.

క్లాట్‌కు పై వయోపరిమితి లేదు. అయితే ఒక ఏటి ర్యాంకు ఆ ఏటి ప్రవేశాలకే పనికొస్తుంది. పరీక్ష ఇప్పుడు డిసెంబరులో జరుగుతోంది గనుక ఈలోగా లాసెట్ ఉంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వేరువేరుగా జరుపుతారు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. తప్పుకు కోత లేదు, తెలుగులోనూ ప్రశ్నలుంటాయి. హైదరాబాదు నల్సార్‌లో చదివినా, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలో చదివినా, గుర్తింపు ఉన్న మామూలు కాలేజీలో చదివినా బార్ కౌన్సిల్‌లో నమోదు, అఖిల భారత బార్ పరీక్ష అందరికీ ఒకటే. తేడా లేదని నేననను. గ్రంథాలయం, తోటి విద్యార్థులు, పెద్ద సంస్థల్లో ఉద్యోగాలు, ఇవన్నీ వేరు. నల్సార్‌లో ఏడాది ఫీజు కూడా లక్షల్లోనే! రెండు పక్కలా లెక్క వేయండి.

ర్యాంకు చూసి, దేవుడే నన్ను వద్దన్నాడని ఏడ్చే బిడ్డలారా, ఒక సంగతి వినండి. 2024 డిసెంబరు క్లాట్ కీలో తప్పులున్నాయని విద్యార్థులు కోర్టుకు వెళ్ళారు. 2025 మే నెలలో జాబితాను సవరించి మళ్ళీ ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మనుష్యులు చేసి, మనుష్యులే దిద్దిన జాబితా అది. దానిని పరలోకపు తీర్పుగా చదువుకోకండి.

ఈ శనివారం రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చోండి. మొదట బిడ్డను మాట్లాడనివ్వండి. "నాకసలు లా వద్దు నాన్నా" అన్నా సరే, మధ్యలో ఆపకుండా వినండి. మళ్ళీ రాస్తానన్న బిడ్డయినా లాసెట్ దరఖాస్తు మాత్రం పెట్టాల్సిందే, గడువు దాటితే ఆ దారి ఈ ఏటికి మూసుకుపోతుంది. ఇప్పుడు ఆ ఇళ్ళ కోసం తలలు వంచి ప్రార్థన చేద్దాం.