ఆఫీసు ఫోనుకి భయపడకండి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆఫీసు బల్లమీద ఫోను గురించి ఒక ప్రసంగమా అని నవ్వుకుంటున్నారు కదూ? ఇంటింటా సెల్‌ఫోన్లున్న ఈ రోజుల్లో ఇదేం పెద్ద విద్య అనుకోవచ్చు. మా చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజు దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మా మరిదిగారు పోయాక, కారుణ్య నియామకం కింద దానికి ఆయన ఆఫీసులోనే ఉద్యోగం ఇచ్చారు. 38 ఏళ్ళకి మొదటి ఉద్యోగం! "అక్కా, ఫైళ్ళు నేర్చుకుంటాను. ఆ ఫోను మోగితేనే గుండె దడ" అనేది. ఒక శుక్రవారం ఎవరో పెద్దావిడ పింఛను కాగితాల కోసం ఫోన్ చేసింది. పక్క సెక్షనుకి కలపబోతే లైను కట్టయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ కట్. మూడోసారి కూడా అంతే. "ఆవిడ ఏమనుకుందో, ఎవరి ఫోను అడిగి తీసుకుని చేసిందో" అని ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆదివారం నాడు ఆ ఫోనుతో వచ్చిన పుస్తకం తెప్పించి, ఇద్దరం కూర్చుని చదివాం. పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ వేసుకున్నాం. మాకు తెలిసింది మీకూ చెబుతాను. ఫోన్లు రకరకాలు గనుక మీ ఆఫీసు ఫోనులో చిన్న తేడాలుండవచ్చు.

తెర కింద పేరులేని మీటలు మూడో నాలుగో ఉంటాయి. మా చెల్లెల్ని కంగారు పెట్టినవి అవే. వాటి పేర్లు తెరమీద కనబడతాయి. పైగా సమయాన్ని బట్టి మారతాయి. ఫోను మోగుతుంటే ఒక పేరు, మాట్లాడుతుంటే మరో పేరు. కాబట్టి నొక్కే ముందు తెర చదవాలి.

ఇక కలపడం. ట్రాన్స్‌ఫర్ మీట నొక్కండి. అవతలివారు ఆగి ఉంటారు. పక్క సెక్షను నంబరు నొక్కండి. వాళ్ళు పలికాక "ఫలానావారు, ఫలానా పని మీద" అని చెప్పండి. మళ్ళీ ట్రాన్స్‌ఫర్ నొక్కండి. అప్పుడు రిసీవర్ పెట్టండి. మా చెల్లెలు ఈ రెండోసారి నొక్కకుండానే పెట్టేసేది. అదీ సంగతి!

హోల్డు వేరు, మ్యూటు వేరు. హోల్డులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మ్యూటులో మన మాట వాళ్ళకి వినబడదు, వాళ్ళ మాట మనకి వినబడుతుంది. ఇక్కడో తమాషా ఉంది. రేడియో స్టూడియోలో ఎర్రదీపం వెలిగిందంటే మన మాట బయటికి పోతోందని అర్థం. చాలా ఫోన్లలో మ్యూటు దగ్గర ఎర్రదీపం వెలిగితే మన మాట బయటికి పోవడం లేదని!

ఈ రెండూ నొక్కకుండా రిసీవర్ని బల్లమీద పడేయడం మాత్రం మహా తప్పు. ఒకసారి నేనొక ఆఫీసుకి ఫోన్ చేస్తే అలాగే పడేశారు. "మళ్ళీ ఆవిడే, లేనని చెప్పు" అన్న మాట నా చెవిన పడింది. ఇప్పటికీ మరచిపోలేదు.

హోల్డులో పెట్టిన లైను దీపం మిణుకుమిణుకుమంటుంది. పొయ్యిమీద పాలు పెట్టినట్టే అనుకోండి. వేరే పనిలో పడి మరచిపోకూడదు. నిమిషానికోసారి "ఉన్నారా అండీ, చూస్తున్నాం" అనాలి.

నంబర్లు నొక్కేటప్పుడు ఒక జాగ్రత్త. క్యాలిక్యులేటరులో పై వరసలో 7, 8, 9 ఉంటే, ఫోనులో 1, 2, 3 ఉంటాయి. 5 మీద చిన్న బొడిపె తగులుతుంది. చూపు లేనివారికైనా వేలు అక్కడ పెడితే మిగతావి తెలుస్తాయి. బయటి నంబరుకి ముందు చాలా ఆఫీసుల్లో 0 గాని 9 గాని నొక్కాలి. ఆపదలో 112కి ఆ బల్లమీంచి ఎలా చేయాలో మొదటి రోజే అడిగి ఉంచుకోండి.

సోమవారం భోజనాల వేళ నేను ఇంట్లోంచి దానికి ఫోన్ చేశాను. నన్ను హోల్డులో పెట్టింది, తీసింది, పక్క సెక్షనుకి కలిపింది. రెండుసార్లు కట్టయింది, మూడోసారి కలిసింది. అవతల ఎవరో మగ గొంతు "హలో" అంటే, ఏం చెప్పాలో తెలియక నేనే పెట్టేశాను!

తరవాత అది తెరమీద వచ్చిన కాల్స్ జాబితా తెరిచి చూసింది. శుక్రవారం నాటి నంబరు అందులో మూడుసార్లు ఉంది. తనే ఫోన్ చేసింది. ఎవరో కుర్రాడు తీసి, పక్కింటి మామ్మగారిని పిలుచుకొచ్చాడు. "క్షమించండమ్మా, ఆ రోజు నాకు కలపడం రాలేదు" అని చెప్పి, సెక్షనుకి కలిపి, ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలయ్యాకే తను తప్పుకుంది.

"రాలేదు" అని ఒప్పుకోవడం చిన్నతనం కాదండీ. అడగడానికి సిగ్గుపడి, అవతలివాళ్ళని గాలికి వదిలేస్తేనే చిన్నతనం. పదో తరగతితో ఆగిపోయిన నేను ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన అక్కచెల్లెళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, ఒక్క పూట వాళ్ళతో కూర్చోండి. భోజనాల వేళ ఒక్క ఫోన్ చేయండి.

ఉంటాను, సెలవు.