సందేహం ఎవరి ఆయుధం?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వీధి నాటకాల్లో చాలావరకు స్త్రీ పాత్ర చివర్లో ముందుకొచ్చి తీర్పు చెప్పేస్తుంది. జనం చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. ఆ పాత్ర తీర్పు చెప్పకుండా సందేహం వెలిబుచ్చితే ఏమవుతుంది? దీనికి మంచి ఉదాహరణ మహాభారతం సభాపర్వంలోనే ఉంది.

జూదంలో నిన్ను ఓడిపోయారు, సభకు రమ్మంటున్నారని ప్రాతికామి వచ్చి చెప్పినప్పుడు, ద్రౌపది తాను దాసిని కానని వాదించలేదు. ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా, కనుక్కు రమ్మంది.

"కాను" అంటే పొగరని నోరు మూయించవచ్చు. "పెద్దలే తేల్చండి" అంటే జవాబు చెప్పవలసిన బాధ్యత సభ మీద పడుతుంది. ముందే దాసుడైపోయినవాడికి పణం పెట్టే హక్కు ఎక్కడిది? అయినా ఉందంటే, భార్య ఎప్పటికీ భర్త సొత్తేనని నిండు సభలో ఒప్పుకోవాలి. ధర్మరాజు మాట్లాడలేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమనీ, తాను తేల్చలేననీ అన్నాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన మాట్లాడాడు.

ఇక్కడ రెండు సందేహాలున్నాయి. ద్రౌపదిది నిలదీసే సందేహం. భీష్ముడిది తప్పించుకునే సందేహం. తేల్చగల స్థానంలో ఉన్నవాళ్లు సందేహిస్తూ కూర్చుంటే అది బలవంతుడికే లాభం.

ఇరావతీ కర్వే 'యుగాంత'లో ద్రౌపది ఆ ప్రశ్న వేయడమే పొరపాటన్నారు. నేను అలా అనుకోను. అయితే ఆ ప్రశ్నకు ఒక పరిమితి ఉంది. అసలు ఏ భర్తకైనా భార్యను పణం పెట్టే హక్కుందా అన్నది అందులో లేదు. సభ ఒప్పుకున్న నియమాల లోపలి నుంచే ఆమె అడిగింది.

భీష్ముడి సందేహం మన కోర్టుల్లోనూ వినిపించింది. మథుర కేసులో ఆమె ఒంటి మీద గాయాలు లేవన్నది ఒక కారణంగా చూపి, 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, మహిళా సంఘాలు వీధికెక్కాయి. 1983 సవరణతో పోలీసు కస్టడీ వంటి చోట్ల జరిగిన అత్యాచారం కేసుల్లో, లైంగిక చర్య రుజువై స్త్రీ తన సమ్మతి లేదంటే, లేదనే కోర్టు భావించాలని చట్టం వచ్చింది. అంటే సందేహం బరువు ఆమె మీది నుంచి నిందితుడి మీదికి మారింది.

కాబట్టి ఫిర్యాదు రాయించేటప్పుడు జరిగింది జరిగినట్టు స్పష్టంగా చెప్పిద్దాం. అక్కడ సందేహం నిందితుడికే పనికొస్తుంది. నాటకంలో మాత్రం చివరి మాట సర్పంచో, ఎస్సైయో, అత్తమామలో జవాబు చెప్పవలసిన సందేహం కావాలి. అక్కడ ప్రదర్శన ఆపి, ఎదురుగా కూర్చున్నవాళ్లను జవాబు అడుగుదాం.