కొలెస్ట్రాల్ మాత్రతో ఒళ్లు నొప్పులా? డి విటమిన్ వేసుకుంటే పోతాయా?



పోయిన నెల కనిగిరి నుంచి నాన్న ఫోన్. "కొలెస్ట్రాల్ బిళ్ల మానేశా రా. తొడలు, పిక్కలు ఒకటే లాగుతున్నాయి." ఆయనకి స్టెంట్ వేసి రెండేళ్లు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్కింటాయనేమో "డి విటమిన్ వేసుకో, అదే పోతుంది" అన్నాడంట. నిజమేనా అని కూర్చుని చదివా.

ఈ మాత్రల్ని స్టాటిన్స్ అంటారు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ పేర్లు వినే ఉంటారు. వీటితో కొంతమందికి కండరాల నొప్పి రావడం నిజం. డి విటమిన్ బాగా తగ్గినా కండరాలు నొప్పెడతాయి, అదీ నిజం. మన ఎండలకి డి లోపమేంటి అనుకోకండి. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు 2007లో ప్రచురించిన స్టడీలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే చాలామందికి లోపం కనిపించింది.

మరి డి వేసుకుంటే స్టాటిన్ నొప్పి రాకుండా ఉంటుందా? అమెరికాలో వైటల్ అనే ట్రయల్‌లో, స్టాటిన్ మొదలుపెట్టిన 2,083 మందిని చూశారు. కొందరికి రోజూ 2,000 యూనిట్ల డి, మిగతావాళ్లకి మందు లేని ఉత్త మాత్ర. 2022లో రిజల్ట్ వచ్చింది. రెండు గ్రూపుల్లోనూ నొప్పులన్నవాళ్లు 31 శాతమే! ముందు నుంచీ డి తక్కువున్నవాళ్లలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. లోపముంటే ఎముకల కోసం డి వాడాలి, కానీ స్టాటిన్ నొప్పికి అది విరుగుడు కాదు.

ఇంకో మాట. 2020లో లండన్ వాళ్ల సామ్సన్ స్టడీ వచ్చింది. ఇబ్బందులతో స్టాటిన్ మానేసిన 60 మందికి ఒక నెల అసలు మాత్ర, ఒక నెల ఉత్త మాత్ర, ఒక నెల ఏమీ లేకుండా మార్చి మార్చి ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. అంటే నొప్పి అబద్ధమని కాదు. కారణం ప్రతిసారీ మందే కాదని.

పైగా మా కనిగిరి నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగితే కీళ్లు, నడుము, మెడ పట్టేస్తాయి. ఆ నొప్పిని కూడా మాత్ర మీదకి తోసేస్తే ఎలా?

అందుకే నాన్నని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. సీకే, థైరాయిడ్, డి విటమిన్ టెస్టులు రాశారు. రిపోర్టులు చూసి మందు మార్చి, డోసు తగ్గించారు. ఇప్పుడు నాన్న రోజూ వేసుకుంటున్నారు.

మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, లేవలేనంత నీరసమున్నా అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లండి. మామూలు నొప్పైతే డాక్టర్‌ని అడగకుండా మాత్ర ఆపొద్దు.

ఈ రోజు ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "నాన్నా, బిళ్ల వేసుకుంటున్నావా?" ఏమన్నారో కామెంట్‌లో చెప్పండి. బై.