ఆ గదిలో ఇంకెవరు పడుకుంటారు?

 

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల చుట్టుపక్కలే పనిచేస్తారు. అందుకే నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట అక్కడి ఇస్నాపూర్ నుంచి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ఒడిశా నుంచి వచ్చి కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. తెమడ పరీక్షలో టీబీ తేలింది. ‘ఇంట్లో ఎవరెవరుంటారు?’ అని అడిగాను. ‘ఎవరూ లేరు సార్, అందరూ ఊళ్లోనే’ అన్నాడు. అతని చికిత్స కార్డులో ఇంటివాళ్ల సంఖ్య దగ్గర సున్నా వేశాను. మూడు నెలలు తిరగకముందే అదే గది నుంచి ఇంకో అబ్బాయి దగ్గుకుంటూ వచ్చాడు. అప్పుడు వెళ్లి చూశాను. రేకుల గది, కిటికీ లేదు. గోడ మేకులకు ఎనిమిది సంచులు, నేల మీద నాలుగు చాపలు. పగటి డ్యూటీ వాళ్లు లేచి వెళ్తే, నైట్ షిఫ్ట్ వాళ్లు అవే చాపల మీద ఒరుగుతారు. నేను సున్నా వేసిన చోట ఏడుగురున్నారు.

టీబీ విషయంలో ఇంటివాళ్లంటే రేషన్ కార్డులో ఉన్న పేర్లు కావు. చికిత్స మొదలవడానికి ముందు మూడు నెలల్లో ఒక్క రాత్రైనా రోగితో ఒకే గదిలో పడుకున్నవాళ్లు, పగలు ఎక్కువసేపు అక్కడ గడిపినవాళ్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఆ మాట పటాన్‌చెరు గదుల కోసమే రాసినట్టుంటుంది నాకు.

మన దేశంలో చాలాకాలం టీబీ రాకుండా ఇచ్చే నివారణ మందులు రోగి ఇంట్లోని ఐదేళ్లలోపు పిల్లలకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకే ఇచ్చేవాళ్లం. 2021 మార్గదర్శకాలతో, ఊపిరితిత్తుల టీబీ నిర్ధారణైన రోగి ఇంట్లో పెద్దలకూ అవి అందాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయేమో అడగండి. ఎక్స్‌రే తీయించండి. జబ్బు లేదని తేల్చాకే నివారణ మందు. తొందరపడి జబ్బున్నవాడికి ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే క్రిమి మందుకు లొంగకుండా మొండికేయొచ్చు. నివారణకు ఆర్నెల్లు రోజూ ఐసోనియాజిడ్ మింగడం షిఫ్టు మనిషికి కష్టం. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి, పన్నెండు వారాలు ఇచ్చే పద్ధతి ఉంది. దొరికినచోట అదే మేలు.

రోగిని గది నుంచి వెళ్లగొట్టనివ్వకండి. ఒకప్పుడు మదనపల్లె ఆరోగ్యవరం శానటోరియానికో, అనంతగిరి శానటోరియానికో పంపేవాళ్లు. 1950ల చివర మద్రాసులో జరిగిన అధ్యయనం, ఇంట్లో ఉండి మందు మింగినా శానటోరియంతో దాదాపు సమానంగా నయమవుతుందని, ఇంటివాళ్లకు అదనపు ముప్పు లేదని తేల్చింది. సోకాల్సింది చాలావరకు మందు మొదలయ్యేలోపే సోకుతుంది; ఆ తర్వాత వెళ్లగొట్టి లాభం లేదు. కానీ పేరు తెలిస్తే వెళ్లగొడతారు. అందుకే ఓనర్‌కు, మేస్త్రీకి పేరు చెప్పకండి. గదివాళ్లను చూడటానికి ఆదివారం పొద్దున వెళ్లండి, అందరూ దొరుకుతారు.

ఏం తింటున్నారో కూడా అడగండి. జార్ఖండ్‌లో రోగుల ఇంటివాళ్లకు నెలనెలా రేషన్ ఇచ్చి చూస్తే కొత్త టీబీ 39 శాతం తగ్గిందని 2023లో ప్రచురించారు. మన కంపెనీల్లో పనిచేసే ఎంతోమంది వచ్చేది ఆ రాష్ట్రం నుంచే.

నేను ఆ ఇస్నాపూర్ గదికి మళ్లీ వెళ్లేసరికి ఆ ఏడుగురిలో ఒకతను పని మానేసి ఊరెళ్లిపోయాడు. ఏ ఊరో గదిలో ఎవరికీ తెలియదు, ఫోన్ నంబరు లేదు. అతన్ని మళ్లీ చూడలేకపోయాను. మీరు మొదటిరోజే అందరి ఊరూ, నంబరూ రాసుకోండి.